ఫాల్ రీత్ చవగ్గా కావాలంటే చుట్టూరా నింపకండి, మూడో వంతు చాలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కొత్త ఇల్లు, తూర్పు ముఖం, చెక్కలా కనిపించే ఎనిమిదడుగుల ఫైబర్‌గ్లాస్ తలుపు. వీధిలో అందరి తలుపులకీ ఫాల్ రీత్‌లు, అంటే ఆకులు రాలే కాలంలో తలుపుకి తగిలించే ఆకుల చక్రాలు, వచ్చేశాయి. షాపులో చూస్తే 70 డాలర్లు. డాలర్ ట్రీ అనే చవక షాపు సామాన్లతో మీరే చేస్తే బడి పిల్లల ప్రాజెక్టులా వచ్చింది. 20 డాలర్లలోపు, నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాకా నిలిచేది ఎలా చేయాలి, గృహప్రవేశం నాటి మామిడి తోరణం తీసేయాలా ఉంచాలా, అక్టోబరులో వచ్చే అత్తగారు ఏమంటారో అని కూడా. నేను నార్త్ కరోలినాలో ఉంటాను. ఏటా ఫాల్‌లో ఇక్కడి క్రాఫ్ట్ ఫెయిర్లలో రీత్‌లు చేసి అమ్ముతాను, కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

ముందు మీరు పంపిన రీత్ ఫొటో సంగతి. తీగ చుట్ట మీద ఆకుల్ని చుట్టూరా సమంగా పరిచారు. ఒకే సైజు ఫోమ్ గుమ్మడికాయల్ని సమాన దూరంలో అంటించారు. పైన నడిమధ్యలో రిబ్బన్ బో. సామాన్లో తప్పేం లేదండీ. ఉన్న కాసిని ఆకుల్నీ చుట్టంతా పంచేసరికి ఎక్కడ చూసినా పలచగా అయిపోయింది. 18 అంగుళాల చుట్ట అంటే చుట్టుకొలత సుమారు 56 అంగుళాలు. అంతటినీ గుబురుగా కప్పాలంటే బోలెడు కొమ్మలు కావాలి. షాపు రీత్ ధరలో పెద్ద భాగం ఆ కొమ్మలదే. అదే సామాను మీరు 18, 20 అంగుళాల మేర దగ్గరగా కుదించి, మిగతా తీగను ఊరికే వదిలేయండి. ఖాళీగా ఉన్న ఆ తీగే అందం. కావాలని వదిలినట్టు ఉంటుంది, డబ్బు చాలక వదిలినట్టు కాదు. నేను అమ్మేవాటిలో త్వరగా పోయేవి కూడా ఇలాంటివే.

అందుకే చట్రం విషయంలో పిసినారితనం వద్దంటాను. డాలర్ ట్రీలో ఇనుప తీగ చట్రం చాలా చవక, ఫోమ్ రింగూ చవకే. కానీ ఆ రెండింటినీ బయటికి కనపడనివ్వలేం, అంగుళం వదలకుండా కప్పాల్సిందే. చట్రం దగ్గర మిగిలిన నాలుగు డాలర్లకు బదులు ఆకుల మీద పదిహేను పోతాయి. గ్రేప్‌వైన్ చుట్ట, అంటే ఎండిన ద్రాక్ష తీగల్ని మెలిపెట్టి చుట్టిన రింగు, మైకేల్స్, హాబీ లాబీ లాంటి క్రాఫ్ట్ షాపుల్లో సైజును బట్టి ఐదు నుంచి ఎనిమిది డాలర్లకు దొరుకుతుంది. పాత యూట్యూబ్ వీడియోల్లో జోయాన్‌కి వెళ్ళమంటారు, ఆ షాపులన్నీ 2025లో మూతపడ్డాయి, వెతుక్కుంటూ వెళ్ళకండి.

సైజు దగ్గర కూడా చాలామంది తక్కువ తీసుకుంటారు. ఇక్కడ ముందు తలుపు వెడల్పు మామూలుగా 36 అంగుళాలు. రీత్ అందులో మూడింట రెండొంతులు, అంటే 22 నుంచి 24 అంగుళాలు ఉంటే వీధిలోంచి నిండుగా కనపడుతుంది. ఆకులు చుట్ట దాటి రెండు మూడు అంగుళాలు బయటికి వస్తాయి కాబట్టి 18 అంగుళాల చుట్ట సరిపోతుంది. మీది ఎనిమిదడుగుల తలుపు కనక 20 అంగుళాలది దొరికితే ఇంకా మంచిది. 14 అంగుళాలది మాత్రం వద్దు, ఆ ఎత్తు తలుపు మీద బిళ్ళ అంటించినట్టు ఉంటుంది.

ఊరికే వస్తుంది కదా అని అడవి తీగ కోసి చుట్టుకునేవాళ్ళూ ఉన్నారు, నేనూ చేస్తాను. కానీ తీగ గుర్తుపట్టడం వచ్చాకే. అడవి ద్రాక్ష తీగకి బెరడు పేలికలు పేలికలుగా ఊడుతుంది, అక్కడక్కడా నులితీగలు ఉంటాయి. పాయిజన్ ఐవీ ముదురు తీగకి నిండా వెంట్రుకల్లాంటి వేర్లుంటాయి, దాంతోనే చెట్టుకి అంటుకుని పాకుతుంది. దాని ఆకు మూడేసి చొప్పున వస్తుంది, ఫాల్‌లో ఎర్రగా, ముచ్చటగా మారుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మేపుల్ ఆకులతో పాటు దాన్నీ ఏరుకొస్తుంటారు. అందులోని నూనె తగిలిన చోటల్లా దద్దుర్లు, బొబ్బలు. ఎండిపోయిన తీగలో కూడా ఆ నూనె పోదు. మూడు ఆకుల మొక్క ఏదైనా సరే ముట్టుకోవద్దని పిల్లలకి చెప్పి పెట్టండి, టెక్సాస్‌లో కూడా ఇది విరివిగానే ఉంటుంది.

ఇక ఏవి కొనాలి, ఏవి ఏరుకోవాలి. గుడ్డ ఆకులు కొనేయండి. మీ దగ్గర ఆకులు నిజంగా రంగు మారేది నవంబరులో. మీకు రీత్ సెప్టెంబరు చివరికే కావాలి. పైగా నిజం ఆకు వారం తిరక్కుండానే ముడుచుకుని పొడి అవుతుంది. గ్లిసరిన్ ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు కలిపి, పళ్ళెంలో పోసి, ఆకులు మునిగేలా పైన బరువు పెట్టి మూడు నాలుగు రోజులుంచితే మెత్తగా, సాగే గుణంతో నిలుస్తాయి. ఇంట్లో టేబుల్ మీదికి బాగుంటాయి, గాలికి కొట్టుకునే తలుపు మీదికి సిఫారసు చేయను.

గుడ్డ ఆకుల్లో విడి కొమ్మ కొనకండి. 'బుష్' అని ఒకే కాడకి ఐదారు రెమ్మలున్న గుత్తి అమ్ముతారు, అది కొని కటింగ్ ప్లేయర్‌తో ఏ రెమ్మకారెమ్మ విడగొట్టుకోవాలి. డాలర్ ట్రీలో ఒకప్పుడు అన్నీ డాలరే, 2021 చివర్లో 1.25 చేశారు, ఇప్పుడు కొన్నిటికి ఇంకా ఎక్కువే. అయినా మూడు బుష్‌లు ఐదు డాలర్లలోపు వస్తాయి. మూడూ ఒకే రకం తీసుకోవద్దు. ఒకటి మేపుల్ ఆకు, ఒకటి సన్నగా పొడుగ్గా ఉండే పచ్చ యూకలిప్టస్ లాంటిది, ఒకటి గింజలో పండ్లో ఉన్న రెమ్మ. చవక ఆకుని పట్టిచ్చేది దాని మెరుపు, ఇంకా అన్నీ ఒకే నారింజ రంగులో ఉండటం. మధ్యలో పచ్చ, గోధుమ, మీగడ రంగు కలిస్తే కన్ను ఆ సంగతి పట్టుకోదు. మీ తలుపు గోధుమ రంగు చెక్కలా ఉందన్నారు. దాని మీద గోధుమరంగు ఆకులు, గోనె రిబ్బన్ రెండూ కలిసిపోయి కనపడవు. మీకు మీగడ రంగూ, ముదురు ఎరుపూ, పచ్చా ఎక్కువ ఉండాలి.

కొమ్మకి గుత్తులుగా ఉండే ఎర్ర, నారింజ పండ్ల తీగ ఒకటి ఇక్కడ తూర్పు రాష్ట్రాల్లో కంచెల మీద విరివిగా ఉంటుంది, ఓరియంటల్ బిటర్‌స్వీట్ అంటారు. రీత్‌కి చాలా అందంగా ఉంటుంది. మాసాచుసెట్స్, కనెక్టికట్, న్యూ హాంప్‌షైర్‌లలో దాని అమ్మకం నిషేధం. పిట్టలు ఆ పండ్లు తిని గింజలు ఎక్కడపడితే అక్కడ వేస్తాయి, తీగ చెట్లను చుట్టేసి చంపుతుంది. న్యూజెర్సీ, బోస్టన్ వైపు ఉండి ఇది చదివేవాళ్ళు దాన్ని తెచ్చి తలుపుకి కట్టకండి.

ఏరుకోవాల్సినవి గట్టి సామాన్లు: పైన్ కోన్లు, ఓక్ కాయలు, స్వీట్‌గమ్ ముళ్ళ ఉండలు. మీ వైపు బర్ ఓక్ చెట్లుంటాయి, వాటి కాయ పెద్దది, టోపీకి అంచున కుచ్చుల్లా ఉంటుంది. అలాంటివి నాలుగు దొరికితే చాలు, మొత్తం రీత్ రూపం మారిపోతుంది. సొంత వీధిలోనో స్నేహితుల పెరట్లోనో ఏరుకోండి, పార్కుల్లో చాలాచోట్ల ఏరనివ్వరు. తెచ్చినవి నేరుగా వాడకూడదు. ఓక్ కాయల్లో పురుగు ఉంటుంది, కొన్నాళ్ళకి కన్నం చేసుకుని బయటికి వస్తుంది. బేకింగ్ ట్రేలో ఫాయిల్ పరిచి, ఓవెన్ 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పైన్ కోన్లయితే అరగంట నుంచి గంట, ఓక్ కాయలైతే గంటన్నర దాకా ఉంచండి, పక్కనే ఉండి చూస్తూ. మూసుకున్న కోన్లు ఆ వేడికి విచ్చుకుంటాయి కూడా. కోన్లలో ఉండే జిగురు కరిగి వాసన వస్తుంది, చిమ్నీ ఆన్ చేసుకోండి.

మనింట్లోనే దొరికేవి కొన్ని ఉన్నాయి, అవి ఇక్కడివాళ్ళకి ఉండవు. బాస్మతి బియ్యం వచ్చే గోనె సంచి పారేయకండి. క్రాఫ్ట్ షాపులో 'బర్లాప్ రిబ్బన్' అని ఆరేడు డాలర్లకి అమ్మేది అదే జనపనార గుడ్డ. అచ్చు లేని వైపు చూసుకుని మూడంగుళాల పట్టీలు కత్తిరించి, అంచున రెండు పోగులు లాగేస్తే పీచు అందంగా వస్తుంది, ఇంకా ఊడకుండా లోపలివైపు సన్నగా జిగురు రాయండి. మీ తలుపు మీద ఒట్టి గోనె కలిసిపోతుందన్నాను కదా, దాని మీద పాత చీర అంచు, మెరూన్‌దో ఆకుపచ్చదో, జరీ ఉన్నా సరే, సన్న పట్టీగా వేసి రెండూ కలిపి బో కట్టండి. వీధిలో ఇంకెవరి తలుపుకీ అలాంటిది ఉండదు.

రెండోది పూలు. సెప్టెంబరు నుంచి హోమ్ డిపో బయట చామంతి కుండీల పక్కనే సెలోషియా అని పెడతారు చూడండి, అది మన సీతమ్మవారి జడ, కోడిజుట్టు పూల జాతే. బతుకమ్మలో పేర్చే గునుగుకీ అది దగ్గర చుట్టమే. ఈ జాతి పూలు ఎండినా రంగు చాలావరకు ఉంచుకుంటాయి. బొగడబంతి కూడా అంతే. కాడతో సహా కోసి, ఆకులు దూసేసి, చిన్న కట్టలుగా వెలుతురు తగలని క్లోజెట్‌లో తలకిందులుగా రెండు మూడు వారాలు వేలాడదీయండి. కుండీ ఐదారు డాలర్లవుతుంది, కానీ అది వాకిట్లో ఉన్నన్నాళ్ళూ ఉంటుంది, పూలు రీత్‌కీ వస్తాయి. బంతిపూలు ఎండితే రంగు ముదురుతుంది, రేకులు రాలుతాయి, వాటిని ఇందులో వాడను.

మొక్కజొన్న పొత్తుల పై పొరలు కూడా వాడుకోవచ్చు. తమాలేల కోసం ఎండబెట్టిన పొరల ప్యాకెట్లు మీ హెచ్-ఈ-బీ సూపర్‌మార్కెట్‌లో మెక్సికన్ సామాన్ల దగ్గర నాలుగైదు డాలర్లకి దొరుకుతాయి. గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానిస్తే గుడ్డలా వంగుతాయి. రెండుగా మడిచి కింద తీగతో కట్టేస్తే పూరేకు ఆకారం, అలాంటివి ఏడెనిమిది కలిపితే మీగడ రంగు పెద్ద పువ్వు. మీ ముదురు తలుపుకి సరిగ్గా కావాల్సిన రంగు ఇదే. ఇలాంటి పువ్వు ఒకటి మధ్యలో పెడితే ఫోమ్ గుమ్మడికాయల అవసరమే లేదు. నిజం జొన్న కంకులు, గోధుమ కంకులు, రంగురంగుల మొక్కజొన్న పొత్తులు మాత్రం బయట కడితే ఉడతలకి విందు.

చేసే పద్ధతి. చుట్టని గోడకి మేకుకి వేలాడదీసుకుని చేయండి, టేబుల్ మీద పడుకోబెట్టి కాదు. పడుకోబెట్టి చేస్తే కిందకి జారేవి, ముందుకు పొడుచుకొచ్చేవి తెలియవు. చుట్టని గడియారం ముఖంలా అనుకోండి. ముఖ్యమైన గుత్తి 8 దగ్గర. అక్కడి నుంచి ఆకులు ఒక పక్క 11 దాకా పైకి, ఇంకో పక్క 7 దాకా కిందికి సన్నబడుతూ పోవాలి. రెండు చివర్లూ సమానంగా ఉండకూడదు, పైకి పోయేది పొడుగ్గా ఉండాలి.

ముందు పొడవాటి పచ్చ రెమ్మలు, చివర్ల నుంచి మొదలుపెట్టి మధ్యకి రావాలి. ప్రతి రెమ్మ కాడా 8 వైపు చూడాలి, కొన బయటికి. చుట్టలో తీగలు ఒక వాటంగా మెలితిరిగి ఉంటాయి, ఆ వాటానికే కాడని తీగల సందులో రెండంగుళాలు దోపితే దానంతటదే పట్టుకుంటుంది. వాటిమీద మేపుల్ ఆకులు, కాడలు కనపడకుండా ఒకదాని మీద ఒకటి. ఆ తర్వాత బో, తర్వాత పువ్వు, పైన్ కోన్లు, ఓక్ కాయలు. చివరగా సెలోషియా రెమ్మలు, సందుల్లో. గుండ్రటి సామాను ఎప్పుడూ బేసి సంఖ్యలో, వేర్వేరు సైజుల్లో, దగ్గరదగ్గరగా పెట్టండి. మీ ఐదు గుమ్మడికాయలు వృథా చేయొద్దు, మూడు తీసుకుని పల్చగా మీగడ రంగు పెయింటు పూసి ఒకేచోట గుంపుగా పెట్టినా బాగుంటుంది. ముఖం గీసిన హాలోవీన్ గుమ్మడికాయ వద్దు, నవంబరు 1 నుంచి అది పాతదైపోతుంది. మామూలు గుమ్మడికాయ అయితే నవంబరు నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్ దాకా దర్జాగా ఉంటుంది.

అన్నీ దోపాక ఏదీ అంటించకుండా వీధిలోకి వెళ్ళి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. కంటికి కనపడని బోడి చోట్లు ఫొటోలో కనపడతాయి. సర్దుకున్నాకే కట్టడం, అంటించడం.

జిగురు దగ్గర టెక్సాస్ వాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. గ్లూ గన్ జిగురు వేడికి కరిగేదే, అందుకే ఎండకి మెత్తబడి వదిలేస్తుంది. చలి బాగా ఉంటే పెళుసెక్కి ఊడుతుంది. తూర్పు ముఖం కాబట్టి మీకు పొద్దుటి ఎండ నేరుగా తలుపు మీదే, సెప్టెంబరులో మీ ఎండలు తెలిసినవే. బయట అద్దాల స్టార్మ్ డోర్ కూడా ఉంటే రెండు తలుపుల మధ్య ఇంకా వేడెక్కుతుంది. అందుకని బరువున్నది ఏదైనా తీగతో కట్టాలి. పైన్ కోన్ కింది వరస రెక్కల మధ్య నుంచి సన్నటి ఇనుప తీగ చుట్టి, రెండు కొసల్ని చుట్ట వెనక మెలిపెట్టండి. ఓక్ కాయలకి ఇ-6000 లాంటి జిగురు, కనీసం ఒక రోజంతా ఆరనివ్వాలి, కిటికీ తెరిచి పెట్టుకోవాలి. గ్లూ గన్‌ని తేలిక ఆకులు కదలకుండా ఉండటానికి మాత్రమే వాడండి. ఎరుపు ఎండకి త్వరగా వెలుస్తుంది కాబట్టి కొమ్మల మీద యూవీ రక్షణ ఉన్న క్లియర్ స్ప్రే, బయట నిలబడి ఒక పూత కొడితే ఇంకొంత కాలం ఎక్కువ నిలుస్తుంది. ఆ డబ్బా ఏడెనిమిది డాలర్లవుతుంది, ఈ ఏడాది వదిలేసినా ఫర్వాలేదు.

లెక్క చూస్తే చుట్ట 7, బుష్‌లు 5, మొక్కజొన్న పొరలు 4, తీగ 2. పద్దెనిమిది డాలర్లు. గ్లూ గన్ మీ దగ్గర ఉందనే అనుకుంటున్నాను, ఇ-6000 పక్కింటి వాళ్ళని అడగండి, ట్యూబు మొత్తం ఎవరికీ అయిపోదు. సెలోషియా కుండీ వాకిలి ఖర్చులో రాసుకోండి.

తలుపుకి వేలాడదీయడం. ఫైబర్‌గ్లాస్‌కి అయస్కాంతం హుక్ అంటుకోదు. మేకు కొట్టొద్దు. తలుపు పైనుంచి తగిలించే ఇనుప కొక్కేలు కొన్ని తలుపుల రబ్బరు అంచుకి అడ్డం పడి సరిగ్గా మూసుకోనివ్వవు. నేను చేసేది ఇదీ: తలుపు లోపలివైపు, పై అంచుకి దగ్గరగా, కమాండ్ హుక్‌ని, అంటే జిగురు పట్టీతో అంటుకునే కొక్కేన్ని, తలకిందులుగా అంటించాలి. అంటించేముందు రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవాలి, అంటించాక గంట ఆగాలి. రీత్‌కి కట్టిన పల్చటి రిబ్బన్‌ని తలుపు మీదుగా లోపలికి తెచ్చి ఆ హుక్‌కి తగిలించాలి. బయట ఏ గుర్తూ ఉండదు, ఎత్తు కూడా రిబ్బన్‌తోనే సర్దుకోవచ్చు. రీత్ నడిమి భాగం నేల నుంచి 60 అంగుళాల దగ్గర, అంటే నిలబడ్డవాళ్ళ కంటి ఎత్తున రావాలి. తలుపు వేసినప్పుడు గీతలు పడకుండా చుట్ట వెనక అక్కడక్కడా ఫెల్ట్ బిళ్ళలు అంటించండి.

తోరణం తీయక్కర్లేదు. ద్వారబంధం మీద అది, తలుపు మీద ఇది, మీ తలుపు ఎత్తుకి రెంటికీ మధ్య చాలా ఖాళీ ఉంటుంది. కాకపోతే గృహప్రవేశం నాటి అసలు మామిడాకులు ఎండి వేలాడుతుంటే మార్చండి, దసరాకి ఇండియన్ షాపుల్లో ఎలాగూ తాజావి వస్తాయి. ప్లాస్టిక్ బంతిపూల దండలు కూడా అక్కడే ఉంటే అవి రీత్‌తో పోటీ పడతాయి. ఆ నారింజ పూలదండలు తీసి పక్కకి, స్తంభాలకి మార్చండి.

అత్తగారి విషయం తేలిగ్గా తీసుకోకండి, అడిగి మంచి పని చేశారు. మన పెద్దవాళ్ళు గుండ్రటి పూలచక్రాన్ని చూసింది నివాళులర్పించే చోటే, అది గడప ముందు కనపడితే కొందరికి మనసు చివుక్కుమంటుంది. నా అనుభవంలో తెల్లపూలు, చుట్టూరా నిండు పూలు ఉన్నవాటికే ఆ అభ్యంతరం వస్తుంది. తీగ కనపడుతూ, ఆకులు, ఓక్ కాయలు, మొక్కజొన్న పొరలు, జరీ అంచుతో ఒక పక్కకి ఉన్నదాన్ని చూసి పంట ఇంటికొచ్చిన గుర్తు అనే అనుకుంటారు, అసలు ఇక్కడివాళ్ళు కట్టేది కూడా ఆ ఉద్దేశంతోనే. మీరు చేసే మొక్కజొన్న పువ్వు మరీ తెల్లగా వస్తే నానబెట్టే నీళ్ళలో చిటికెడు పసుపు వేయండి, పొర లేత పసుపుకి తిరుగుతుంది. గట్టి పట్టింపు ఉన్నవారైతే వాళ్ళున్న నెల రోజులూ హాల్లో ఫైర్‌ప్లేస్ మీద పెట్టుకోండి, దానికోసం ఇంట్లో మాట పట్టింపులు వద్దు.

థాంక్స్‌గివింగ్ మర్నాడు తీసేశాక అటక మీద పెట్టకండి, వేసవిలో మీ అటకల వేడికి జిగురు మెత్తబడి వదిలేస్తుంది. డ్రై క్లీనింగ్ వాళ్ళు బట్టలకి తొడిగే కవరు తొడిగి, క్లోజెట్‌లో మేకుకి వేలాడదీయండి. అట్టపెట్టెలో పెడితే కింద ఉన్నవైపు నలుగుతుంది. రిబ్బన్ బో మాత్రం విప్పి విడిగా దాచండి. వచ్చే ఏడాదికి ఇంకేమైనా కొనాలనుకుంటే నవంబరు మొదటి వారం నుంచి చూస్తుండండి, క్రిస్మస్ సామానుకి చోటు కోసం ఫాల్ కొమ్మలన్నీ సగానికి, అంతకన్నా తక్కువకి ఇచ్చేస్తారు.